రేడియో స్విచ్చి విరిగితే బోర్డు మార్చాల్సిందేనా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఒక పల్లె. మా బాపు చేనుకు వెళ్లేటప్పుడు చార్జింగ్ రేడియో ఒకటి వెంట తీసుకెళ్తారు. దానికి పక్కన జరిపే స్విచ్చి ఉంటుంది. నిరుటి వానాకాలం నుంచి స్విచ్చి ఆన్ చేసినా రేడియో పలికేది కాదు. వేలితో అటూ ఇటూ కదిలిస్తేనో, గట్టిగా నొక్కి పట్టుకుంటేనో పలికేది. బాపు సందులో అగరబత్తి పుల్ల ఇరికించి కొన్నాళ్లు నడిపించారు. పోయిన వారం ఆ స్విచ్చిని జరిపే బొడిపె విరిగి లోపల పడిపోయింది. పట్టణంలో చూపిస్తే బోర్డే మార్చాలి, అది దొరకదు, కొత్తది కొనుక్కోండి అన్నారు. ఊళ్లో తెలిసినాయన మాత్రం స్విచ్చి తీసేసి వైర్లు నేరుగా కలిపి డైరెక్ట్ చేసుకోండి, వద్దనుకున్నప్పుడు వాల్యూమ్ తగ్గిస్తే సరిపోతుంది అంటున్నారు. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివాను. ఇంటి వైరింగ్ పనులు చేస్తాను కాని ఇంత చిన్న బోర్డు మీద ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు. విరిగిన బొడిపెను జిగురుతో అతికించవచ్చా? స్విచ్చి నేనే మార్చవచ్చా? డైరెక్ట్ చేస్తే నష్టమేమిటి?

సమాధానం: ముందు మీ మూడు ప్రశ్నలకూ క్లుప్తంగా జవాబు చెప్పి, తర్వాత కారణాలలోకి వెళ్తాను. జిగురుతో అతికించడం వల్ల మీ రేడియో బాగుపడదు. స్విచ్చిని మీరే మార్చుకోవచ్చు, బోర్డు మార్చనక్కరలేదు. డైరెక్ట్ చేయడం పరీక్ష కోసం ఒకటి రెండు నిమిషాలైతే పరవాలేదు గాని, అలాగే వదిలేయడానికి పనికిరాదు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన విషయం, ఏది ముందు జరిగిందో ఏది తర్వాత జరిగిందో మీరు వరుసగా రాయడం. బొడిపె పోయిన వారం విరిగింది. కాని అంతకు ముందే, నిరుటి వానాకాలం నుంచే, స్విచ్చి సరిగా పట్టడం లేదు. అంటే మొదట చెడిపోయింది బొడిపె కాదు. లోపల ఎక్కడో లూజ్ కాంటాక్ట్ వచ్చింది. దాన్ని పలికించడానికి మీ తండ్రిగారు రోజూ కాస్త ఎక్కువ బలం పెట్టవలసి వచ్చింది, పుల్ల ఇరికించవలసి వచ్చింది, ఆ బలానికే చివరికి ప్లాస్టిక్ బొడిపె విరిగింది. ఇప్పుడు ఎంత నేర్పుగా బొడిపెను నిలబెట్టినా అసలు లోపం లోపల అలాగే ఉంటుంది. స్విచ్చి విరిగిందని తెచ్చే పరికరాలలో చాలావాటి కథ ఇదే. కంటికి కనిపించే విరిగిన ముక్కను బాగుచేసి, కనిపించని లోపాన్ని వదిలేస్తే నెల తిరక్కుండానే మళ్లీ విప్పవలసి వస్తుంది.

లోపం ఉండగల చోట్లు రెండు. ఒకటి స్విచ్చి పొట్టలో, రెండోది స్విచ్చి కాళ్లు బోర్డుకు అతికి ఉన్న చోట.

జరిపే స్విచ్చిలో సాధారణంగా మూడు కాళ్లు వరుసగా ఉంటాయి. బొడిపెకు అడుగున పట్టకారు మూతిలా వంగిన చిన్న లోహపు రేకు ఉంటుంది. బొడిపెను ఒక పక్కకు జరిపితే ఆ రేకు మధ్య కాలును ఒక చివరి కాలితో కలుపుతుంది, ఇంకో పక్కకు జరిపితే రెండో చివరి కాలితో కలుపుతుంది. ఆ రేకుకు ఉన్న కొద్దిపాటి బిగువే కరెంటు పోవడానికి ఆధారం. రేకు మీదా కాళ్ల మీదా పలుచని పూత ఉంటుంది, చాలావాటిలో అది వెండి పూత. చేలో దుమ్ము, చెమట చెయ్యి, వానాకాలపు తేమ లోపలికి చేరితే ఆ పూత నల్లబడుతుంది. పూత అరిగిన చోట అడుగున ఉన్న రాగి, ఇత్తడి పచ్చగా చిలుము పడుతుంది. అప్పుడు రేకు తగిలినట్టే ఉంటుంది కాని కరెంటు పోదు. కదిలిస్తే చిలుము కాస్త గీసుకుపోయి క్షణం సేపు పలుకుతుంది. మీ రేడియో వానాకాలంలో మొరాయించడం మొదలుపెట్టిందంటే ఈ కారణాన్ని కొట్టిపారేయలేం.

రెండోది మెకానిక్‌లు డ్రై సోల్డర్ అని పిలిచే జబ్బు, అంటే కాలును బోర్డుకు అతికే కరిగించిన లోహం (సోల్డర్) చిట్లి పట్టు వదలడం. రేడియో బోర్డు మీద ఉన్న కెపాసిటర్లను, చిప్పులను ఎవరూ ముట్టుకోరు. స్విచ్చిని మాత్రం మనిషి రోజూ వేలితో తోస్తాడు. ఆ తోపు నేరుగా సోల్డర్ అతుకుల మీద పడుతుంది. మంచి తయారీలో స్విచ్చి లోహపు తొడుగుకు రెండు చెవులుంటాయి, వాటిని కూడా బోర్డుకు సోల్డర్ చేస్తారు, బరువంతా అవి మోస్తాయి. చవక సెట్లలో ఆ చెవులే ఉండవు, లేదా ఉన్నా సోల్డర్ సరిగా పట్టి ఉండదు. అప్పుడు తోపంతా మూడు సన్నని కాళ్ల మీద పడి, కాలి చుట్టూ సోల్డర్ వలయంగా చిట్లుతుంది. అగరబత్తి పుల్ల చేసిన పని కూడా ఇక్కడే కనిపిస్తుంది. అది రాత్రింబవళ్లు స్విచ్చిని ఒక పక్కకు ఒత్తిపెట్టి ఆ చీలికను పెంచింది.

పట్టణంలో బోర్డే మార్చాలన్న మెకానిక్ మిమ్మల్ని మోసం చేశాడని అనుకోకండి. సెట్టు విప్పి, లోపం వెతికి, సరిపోయే స్విచ్చి తెచ్చి, అతికి, మూసేసరికి అతనికి గంటకు పైగా పడుతుంది. దానికి తగిన కూలి అడిగితే రేడియో ధరలో సగం అవుతుంది. ఎవరూ ఇవ్వరని అతనికి తెలుసు. అందుకని బోర్డు మాట చెప్పి పంపేస్తాడు. ఇంట్లో మీ సమయానికి ఆ లెక్క లేదు కాబట్టే ఈ పని మీరు చేసుకోదగ్గది. సెట్టుకు ఇంకా వారంటీ ఉంటే మాత్రం విప్పకండి, ముందు అమ్మినవారికి చూపించండి.

ఇక పని. ఇంటి వైరింగ్ అలవాటున్నవారు ఇలాంటి చిన్న సెట్ల దగ్గర ఒక విషయంలో పొరబడే అవకాశం ఉంది. 230 వోల్టుల దగ్గర భయం షాక్ గురించి. ఇక్కడ షాక్ కొట్టదు. చార్జింగ్ రేడియోలో ఉండే లిథియం సెల్ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులే ఇస్తుంది. కాని దాని రెండు కొసలు పొరపాటున కలిస్తే కొన్ని ఆంపియర్ల నుంచి పదుల ఆంపియర్ల దాకా కరెంటు పారుతుంది, వైరు ఎర్రగా కాలుతుంది, సెల్ వేడెక్కి మంట అందుకోవచ్చు. కాబట్టి మొదట చార్జర్ వైరు పీకేయండి. సెల్ తలుపు తీసి బయటకు వచ్చే రకమైతే తీసి పక్కన పెట్టండి. వైర్లతో అతికించి ఉంటే ఒక్కో వైరును విడివిడిగా విప్పి, మొదటిదాని కొసకు ఇన్సులేషన్ టేపు చుట్టిన తర్వాతనే రెండోదాని దగ్గరకు వెళ్లండి. రెండు వైర్లను కలిపి ఒకేసారి కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించకూడదు. ప్లేయర్ నోరే రెండింటినీ షార్ట్ చేస్తుంది. వైర్లను బోర్డు వైపు కొసలో విప్పాలి గాని, సెల్ మీద నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెట్టకూడదు. సెల్ ఎక్కడైనా ఉబ్బి ఉన్నా, తియ్యని వాసన వస్తున్నా స్విచ్చి సంగతి తర్వాత, ఆ సెల్‌ను ఇక వాడకండి. చెత్తలో వేయకండి, కాల్చకండి.

డబ్బా విప్పేటప్పుడు మరలన్నీ పైకి కనిపించవు. ఒకటి రెండు మరలు సెల్ గదిలోనో, అడుగున అంటించిన రబ్బరు పాదాల కిందో, కాగితపు లేబుల్ కిందో దాగి ఉంటాయి. అన్నీ తీశాక కూడా డబ్బా విడిపోకపోతే బలం పెట్టకుండా ఇంకో మర కోసం వెతకండి. రెండు సగాలు విడిపోగానే లాగేయవద్దు. స్పీకర్ వైర్లు ఒక సగానికి, బోర్డు ఇంకో సగానికి ఉంటాయి. యాంటెన్నా కడ్డీ నుంచి బోర్డుకు వచ్చే వైరు తెగితే వరంగల్ ఎఫ్ఎం 103.5 అందకుండా పోతుంది. అంతకన్నా సున్నితమైనది ఇంకొకటి ఉంది. నల్లని ఫెర్రైట్ కడ్డీకి చుట్టిన రాగి తీగ కొసలు వెంట్రుకంత సన్నగా బోర్డు దాకా వస్తాయి. అవి మీడియం వేవ్ కోసం. వేలు తగిలి ఒకటి తెగిందంటే 738 కిలోహెర్ట్జ్ మీద వచ్చే హైదరాబాద్ కేంద్రం పోయినట్టే. ఆ తీగ మీద కంటికి కనిపించని వార్నిష్ పూత ఉంటుంది కనుక మళ్లీ అతికించడం కొత్తవారికి కష్టం. విప్పిన ప్రతి దశలోనూ మొబైల్‌తో ఫొటో తీసుకోండి. ఏ వైరు ఎక్కడిదో అన్న సందేహం మూసేటప్పుడే వస్తుంది.

విరిగి లోపల పడిన బొడిపె ముక్కను మొదట వెతికి తీసేయండి. అది స్పీకర్ అట్టకు తగిలి గరగరమంటుంది.

ఇప్పుడు మల్టీమీటరు (వోల్టులు, ఓమ్‌లు కొలిచే సాధనం). సెల్ వైర్లు విప్పి ఉండగానే మీటరును బీప్ చేసే చోట పెట్టి, ముందు రెండు ప్రోబులను (మీటరు వైర్ల మొనలను) ఒకదానికొకటి తాకించి ఎంత చూపిస్తుందో గుర్తుపెట్టుకోండి. అది సాధారణంగా 0.2 నుంచి 0.5 ఓమ్‌ల దాకా ఉంటుంది, అది వైర్లదే. తర్వాత ఒక ప్రోబును స్విచ్చి మధ్య కాలికి, రెండోదాన్ని ఆన్ వైపు చివరి కాలికి పెట్టి, విరిగిన బొడిపె మొదలును పళ్ల పుల్లతో జరపండి. ప్రోబులను స్విచ్చి కాళ్ల లోహానికే తాకించాలి, కింద సోల్డర్‌కు కాదు. అంకె దాదాపు ప్రోబులు కలిపినప్పుడు వచ్చినంతే వచ్చి కదలకుండా నిలబడితే స్విచ్చి పొట్ట బాగానే ఉన్నట్టు. అంకె ఎగిరిపడుతుంటే, బీప్ తెగితెగి వస్తుంటే లోపం పొట్టలోనే. స్విచ్చి బాగుందని తేలితే ఒక ప్రోబును కాలి మీద, ఇంకోదాన్ని ఆ కాలి నుంచి బయలుదేరే రాగి దారి మీద, అది ఇంకో భాగాన్ని చేరే చోట పెట్టి, స్విచ్చిని మెల్లగా కదపండి. ఇక్కడ బీప్ తెగితే డ్రై సోల్డర్ దొరికినట్టే. మొబైల్ కెమెరాను దగ్గరకు లాగి చూస్తే కాలి చుట్టూ సన్నని నల్లని వలయం కనిపిస్తుంది.

మీ సెట్టులో రెండు లోపాలూ కలిసి ఉంటాయని నా అంచనా. అన్ని నెలలు పుల్ల మీద నడిచిన స్విచ్చిలో రేకు బిగువు సడలకుండా ఉండటం కష్టం. కాబట్టి స్విచ్చిని శుభ్రం చేసి మళ్లీ వాడే ఆలోచన కన్నా మార్చేయడమే మేలు. బొడిపె విరగని సెట్లలో మాత్రం శుభ్రం చేసి చూడవచ్చు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు లోపలికి వదిలి, బొడిపెను పదే పదే జరిపి, పూర్తిగా ఆరనివ్వాలి. కిరోసిన్, కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె పోయకూడదు, అవి దుమ్మును పట్టి ముద్ద చేస్తాయి. కరోనా రోజుల నుంచి ఇంట్లో మిగిలిపోయిన శానిటైజర్ కూడా వద్దు. అందులో నీరు ఉంటుంది, చాలావాటిలో గ్లిజరిన్ కూడా ఉంటుంది.

మార్చే ముందు ఒక పరీక్ష చేయాలి, డైరెక్ట్ చేయడానికి అసలైన చోటు ఇదే. సెల్ వైర్లు తిరిగి కలిపి, స్విచ్చి మధ్య కాలును, ఆన్ వైపు కాలును చిన్న వైరు ముక్కతో ఒక నిమిషం కలిపి పట్టుకోండి. రేడియో స్పష్టంగా పలికితే మిగతా బోర్డు క్షేమంగా ఉంది, కొత్త స్విచ్చి కొనడం వృథా పోదు. అప్పుడు కూడా పలకకపోతే లోపం వేరేచోట ఉంది. అయితే ఏ రెండు కాళ్లు కలపాలో ఖాయం చేసుకోకుండా వైరు పెట్టవద్దు. కొన్ని సెట్లలో మూడో కాలు ఖాళీగా ఉంటుంది. కొన్నింటిలో స్విచ్చి ఆఫ్‌లో ఉన్నప్పుడు మూడో కాలు ద్వారానే సెల్ చార్జర్ భాగానికి కలుస్తుంది. ఆరు కాళ్ల స్విచ్చి అయితే రెండో వరుస ఇంకేదో పని చేస్తూ ఉండవచ్చు. రాగి దారులు ఎటు పోతున్నాయో కంటితో వెంబడించి, కాగితం మీద గీసుకుని, తర్వాత ముట్టుకోండి.

స్విచ్చి కొనడానికి పాతదాన్ని చేతిలో పట్టుకుని వెళ్లడమే ఉత్తమం. హన్మకొండ, వరంగల్‌లలో టీవీ, ఆంప్లిఫయర్ విడిభాగాలు అమ్మేవారి దగ్గరా, ఇంజనీరింగ్ విద్యార్థులకు ప్రాజెక్టు సామాను అమ్మేవారి దగ్గరా అడగండి. అక్కడ దొరకనిది హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. ధర పదీ ఇరవై రూపాయల లోపు వస్తువు కనుక ఒకటికి రెండు తెచ్చుకోండి. చూడవలసినవి నాలుగు. కాళ్ల మధ్య దూరం మొదటిది, అది స్కేలుతో ఒక కాలి నుంచి పక్క కాలికి కొలిస్తే తప్పు వస్తుంది, చివరి కాలి నుంచి చివరి కాలికి కొలిచి సగం చేయాలి. రెండోది బొడిపె ఎత్తు, మూడోది బొడిపె పైకి లేచి ఉందా పక్కకు తిరిగి ఉందా అన్నది, నాలుగోది లోహపు చెవులు ఉన్నాయా లేదా అన్నది. దుకాణంలో ఈ స్విచ్చిలకు ఎస్ఎస్12డి00 లాంటి గుర్తులుంటాయి. అందులో 12 అంటే ఒక వరుస, రెండు స్థానాలు అని అర్థం. 22 అని ఉంటే రెండు వరుసలు, ఆరు కాళ్లు. చివర జి3, జి4 అని ఉంటే అది బొడిపె ఎత్తు మిల్లీమీటర్లలో. మీ డబ్బా సందులోంచి వేలికి అందేంత బొడిపె కావాలి కాబట్టి ఎత్తు తక్కువది తెచ్చి బాధపడకండి. కాస్త ఎక్కువది తెస్తే కత్తిరించుకోవచ్చు. ఈ చిన్న స్విచ్చిలు సాధారణంగా 0.3 నుంచి 0.5 ఆంపియర్ దాకా మోస్తాయి, చేతి రేడియోకు అది చాలు. పెద్ద స్పీకర్ పెట్టెకు చాలదు.

కాళ్లు బోర్డుకు అవతలి వైపు పొడుచుకు వచ్చి ఉంటేనే ఈ పని మీరు చేయండి. కాళ్లు బోర్డు ఉపరితలం మీదే అతికి, గోరులో సగం కూడా లేని స్విచ్చి అయితే కొత్త స్విచ్చి మీరే తెచ్చి, హాట్ ఎయిర్ మిషన్ ఉన్న మొబైల్ మెకానిక్ చేతిలో పెట్టండి. వస్తువు మీరే ఇస్తే అతనికి అది కొద్ది నిమిషాల పని.

వైరింగ్ పనికి వాడే 60 వాట్ల ఐరన్ ఇక్కడ పనికిరాదు. 25 వాట్లది, సన్నని మొన ఉన్నది తీసుకోండి. పాత స్విచ్చిని ఊడదీయడానికి మూడు కాళ్లనూ ఒకేసారి కరిగించాలని చూస్తే బోర్డు మీది రాగి వలయాలు లేచిపోతాయి. ఎలాగూ పారేసే స్విచ్చి కాబట్టి దాని ఒంటిని కట్టర్‌తో ముక్కలు చేసి, మూడు కాళ్లు మాత్రం మిగిల్చి, ఒక్కొక్కదాన్ని వేడిచేసి లాగేయండి. ఈ మధ్య తయారైన బోర్డుల్లో సీసం లేని సోల్డర్ వాడతారు. అది దాదాపు 217 డిగ్రీల దగ్గర గాని కరగదు. మన దుకాణాల్లో దొరికే తగరం, సీసం కలిసిన తీగ 183 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. కాబట్టి పాత అతుకు కరగకుండా మొండికేస్తే దాని మీద కొంచెం కొత్త సోల్డర్ కలపండి, రెండూ కలిసి తేలికగా కరుగుతాయి. ఒక్కో అతుకు దగ్గర ఐరన్ రెండు మూడు సెకన్లకు మించి ఉంచకుండా, కరగకపోతే తీసి, చల్లారనిచ్చి మళ్లీ పెట్టండి. కాళ్లు వచ్చాక రంధ్రాలు సోల్డర్‌తో మూసుకుపోతాయి. వేడిచేసి, కరిగి ఉండగానే కొస చెక్కిన చెక్క పళ్ల పుల్లను గుచ్చి తిప్పితే రంధ్రం శుభ్రంగా తెరుచుకుంటుంది. చెక్కకు సోల్డర్ అంటదు.

కొత్త స్విచ్చి పెట్టేటప్పుడు ముందు ఒక్క కాలును మాత్రమే అతికి, స్విచ్చి బోర్డుకు ఆనుకుని నిటారుగా ఉందో లేదో, బొడిపె డబ్బా సందుకు సరిగ్గా ఎదురుగా వస్తుందో లేదో డబ్బాలో పెట్టి చూడండి. వంకర ఉంటే ఇప్పుడే సరిచేయాలి. మూడూ అతికాక సరిచేయబోతే రాగి లేస్తుంది. చెవులుంటే వాటిని తప్పకుండా, నిండుగా సోల్డర్ చేయండి. మీ పాత స్విచ్చి చెడిపోవడానికి అదే కారణమై ఉండవచ్చు. ఫ్లక్స్ (సోల్డర్ బాగా పట్టడానికి రాసే పేస్టు) కొద్దిగానే వాడండి. ఎక్కువ వేస్తే కరిగి, కాలి వెంబడి స్విచ్చి పొట్టలోకి పాకి, రేకు మీద కరెంటు పోనివ్వని పొరగా గడ్డకడుతుంది. కొత్త స్విచ్చి మొదటి రోజే మొరాయించడానికి ఇదొక మామూలు కారణం. నీళ్ల పైపులకు, రేకు పనికి వాడే యాసిడ్ పేస్టు అసలు దగ్గరకు రానివ్వకండి. ఒకవేళ రాగి వలయం లేచిపోయినా కంగారు పడనక్కరలేదు. అది ఏ దారికి కలుస్తుందో చూసి, ఆ దారి మీది ఆకుపచ్చ పొరను బ్లేడుతో కొంచెం గీకి, వైరులోంచి తీసిన ఒక పోగుతో కాలికీ దారికీ మధ్య కలపండి.

ఇంతా చెప్పాక నా సలహా ఇంకొకటి ఉంది, మీరైతే దీన్నే ఎంచుకుంటారని కూడా అనుకుంటున్నాను. మీ తండ్రిగారు మట్టి చేతులతో, చూడకుండా తడిమి వేసుకునే స్విచ్చి ఇది. బోర్డు మీది చిన్న స్విచ్చి ఆ వాడకానికి తయారైనది కాదు. డబ్బాలో ఖాళీ ఉంటే స్టెబిలైజర్లకు, ఎక్స్‌టెన్షన్ బాక్సులకు ఉండే రాకర్ స్విచ్చిలో అతి చిన్న రకం, 3 ఆంపియర్లది తెచ్చి డబ్బా పక్క గోడకు బిగించండి. దాని రంధ్రం దాదాపు 13 మిల్లీమీటర్ల పొడవు, 9 మిల్లీమీటర్ల వెడల్పు పడుతుంది, ముందు చిన్నగా కోసి ఆకురాయితో పెంచుకుంటూ పోవాలి. పెద్దగా కోస్తే స్విచ్చి నిలవదు. పాత స్విచ్చి తీసేసిన చోట మధ్య రంధ్రం నుంచి ఒకటి, ఆన్ వైపు రంధ్రం నుంచి ఒకటి, మెత్తగా వంగే సన్నని పోగుల వైర్లు రాకర్‌కు కలపండి. వైర్లు బోర్డును లాగకుండా దారిలో ఒకచోట డబ్బాకు హాట్ గ్లూతో అంటించండి. వేలి తోపు ఇక డబ్బా గోడ మీద పడుతుంది, బోర్డు మీద పడదు. చెడిపోయినా మళ్లీ బోర్డు ముట్టుకోకుండానే మార్చుకోవచ్చు. అందంగా ఉండదన్నది నిజమే. మూడో కాలికి చార్జింగ్ పని ఉన్న సెట్టులో మాత్రం ఇలా రెండు వైర్లతో సరిపోదు. మూడు కాళ్ల రాకర్ కావాలి, లేదా మొదట చెప్పిన పద్ధతే చేయాలి.

ఇక ఊళ్లో ఆయన చెప్పిన డైరెక్ట్ సంగతి. వాల్యూమ్ సున్నాకు తగ్గించినంత మాత్రాన రేడియో ఆగదు, శబ్దం మాత్రమే ఆగుతుంది. స్టేషన్‌ను పట్టే చిప్, ఆంప్లిఫయర్ చిప్ కరెంటు తాగుతూనే ఉంటాయి. అది 30 మిల్లీఆంపియర్లే అనుకున్నా, 1500 మిల్లీఆంపియర్ అవర్ సెల్ 50 గంటల్లో ఖాళీ అవుతుంది. అంటే పాట వినకుండానే మూడో రోజుకు సెల్ అయిపోతుంది. అక్కడితో ఆగితే చార్జింగ్ పెట్టుకోవచ్చు. కాని లిథియం సెల్ 2.5 వోల్టుల కన్నా కిందికి పోకూడదు. దాన్ని ఆపే రక్షణ సర్క్యూట్ చవక సెట్లలో ఉండకపోవచ్చు. మరీ అడుగంటిన సెల్‌లో లోపలి రాగి రేకు కరగడం మొదలై, మళ్లీ చార్జ్ చేసినప్పుడు లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంటుంది. ఇంకో చిక్కు చార్జింగ్ దగ్గర వస్తుంది. చార్జర్ చిప్ సెల్ 4.2 వోల్టులకు చేరాక, లోపలికి పోయే కరెంటు మొదట పెట్టినదానిలో పదో వంతుకు పడిపోయినప్పుడు సెల్ నిండిందని తెలుసుకుని ఆపేస్తుంది. రేడియో ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటే అది తాగే కరెంటు కూడా చార్జర్ లెక్కలోకి వస్తుంది. నిండిందన్న సంగతి తెలియక రాత్రంతా 4.2 వోల్టుల దగ్గరే సెల్‌ను పట్టి ఉంచుతుంది, అది సెల్ ఆయుష్షును తగ్గిస్తుంది. స్విచ్చి ఉన్న సెట్టును కూడా ఆఫ్ చేసే చార్జింగ్ పెట్టమనేది ఇందుకే.

జిగురు గురించి కూడా ఒక మాట, ఎందుకంటే మీరు కాకపోయినా ఇంకెవరైనా ప్రయత్నిస్తారు. క్షణాల్లో అతికే పలుచని జిగురు నీళ్లలా పాకుతుంది. బొడిపె మొదట్లో ఒక్క చుక్క వేస్తే అది సందులోంచి లోపలికి జారి రేకును, గోడను కలిపి బిగించేస్తుంది, స్విచ్చి ఇక కదలదు. లోపల కాంటాక్ట్ బాగుండి, కేవలం బొడిపె మాత్రమే కింద పడి విరిగిన సెట్టు అయితే మొదలులో గుండుసూది మందం రంధ్రం చేసి, సూది ముక్కను నిలబెట్టి, రెండు ట్యూబులు కలిపి వాడే గట్టి ఎపాక్సీని పుల్ల కొసతో అద్ది, ఒక రోజంతా ఆరనివ్వాలి.

డబ్బా మూసే ముందు చివరి పరీక్ష చేయండి. సెల్ కలిపి, రేడియో ఆన్ చేసి, వాల్యూమ్ పెంచి, మీటరును మిల్లీవోల్టులలో పెట్టి స్విచ్చి రెండు కాళ్ల మధ్య చూడండి. కొద్ది మిల్లీవోల్టుల నుంచి ఇరవై ముప్పై దాకా ఉంటే స్విచ్చి చక్కగా పనిచేస్తోంది. వంద దాటితే, లేదా పాట దరువుకు అంకె విపరీతంగా ఊగుతుంటే అతుకు మళ్లీ చూడాలి. తర్వాత ఆఫ్ చేసి, సెల్ పాజిటివ్ వైరు విప్పి, మీటరును మిల్లీఆంపియర్లలో వరుసగా కలిపితే సున్నా గాని, దాదాపు సున్నా గాని చూపించాలి. ఈ కొలత అయ్యాక మీటరు ప్రోబును వోల్టుల రంధ్రంలోకి మార్చడం మరిచిపోకండి, మరిచి సెల్ మీద పెడితే మీటరు ఫ్యూజు పోతుంది. అంతా సరిగా ఉంటే మూసి, మొదటిసారి చార్జింగ్ మాత్రం పగటిపూట, మీరు ఇంట్లో ఉన్నప్పుడు, పరుపు మీదో బట్టల మీదో కాకుండా గచ్చు మీద పెట్టి, గంట తర్వాత ఒకసారి వెనక వైపు చెయ్యి వేసి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే వెంటనే చార్జర్ పీకేయండి. అప్పుడు మూడో కాలు ఎటు పోతుందో గీసుకున్న కాగితాన్ని, బోర్డు రెండు వైపుల ఫొటోలను నాకు పంపించండి.